రాయి లేని తీరం, రాయి ఉన్న తీరం

ఖరగ్‌పూర్ మలంచాలో ఇంటి పునాదికి గొయ్యి తీస్తే ముందుగా తగిలేది ఎర్రటి మొరం. గునపం దెబ్బకి బఠానీ గింజలంత గుళికలుగా రాలుతుంది. వానాకాలంలో చెప్పులకీ సైకిల్ చక్రాలకీ అంటుకుని గుమ్మం దాకా వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పనికి వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు తరాలుగా నడుస్తున్నది ఈ మొరం మీదే. వాళ్ళు వదిలి వచ్చిన సముద్రపుటొడ్డు వేరు. అక్కడ కొండలు నీళ్ళలోకి దిగుతాయి, అలలు బండలకు కొట్టుకుంటాయి. ఇక్కడికి దగ్గర్లో ఉన్న సముద్రం దీఘా. అక్కడ ఎంత దూరం నడిచినా కాలికి తగిలేది ఇసుకే. ఒకే బంగాళాఖాతం, ఒకే రైలుమార్గం. ఒక కొసన రాయి లేదు, మరో కొసన రాయే ఎదురొస్తుంది. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి మన కాళ్ళ కింది మొరంతోనే మొదలుపెట్టాలి.

మొరం అనేది లేటరైట్ శిథిలం. లేటరైట్‌కు ఆ పేరు పెట్టినవాడు ఫ్రాన్సిస్ బుకానన్. దక్షిణ భారతంలో తిరుగుతూ కేరళలోని అంగాడిపురం దగ్గర జనం ఈ రాతిని ఇటుకల్లా కోసి గోడలు కట్టడం చూశాడు. 1807లో అచ్చయిన ఆయన యాత్రా గ్రంథంతో ఆ పేరు శాస్త్రంలోకి వచ్చింది. భూమి లోపల తడిగా ఉన్నంత కాలం లేటరైట్ మెత్తగా ఉంటుంది, పదునైన పనిముట్టుతో కోస్తే తెగుతుంది. బయటికి తీసి గాలికీ ఎండకీ వదిలితే గట్టిపడిపోతుంది. ఇది అగ్నిపర్వతం నుంచి వచ్చిన రాయి కాదు, సముద్రం అడుగున పేరుకున్నదీ కాదు. వేడి ఎక్కువగా ఉండి, ఏడాదిలో కొన్ని నెలలు కుండపోత వానలూ మిగతా నెలలు ఎండలూ ఉండే చోట నేలే ఇలా మారుతుంది. వాననీరు సోడియం, కాల్షియం, పొటాషియం వంటివాటిని ముందు కరిగించి తీసుకుపోతుంది. తర్వాత నెమ్మదిగా సిలికా కూడా పోతుంది. కరగని ఇనుమూ అల్యూమినియమూ ఆక్సైడ్ల రూపంలో మిగులుతాయి. భూగర్భ జలమట్టం వానాకాలంలో లేచి వేసవిలో పడిపోతూ ఉంటే ఆ ఇనుము గుళికలుగా, తర్వాత గడ్డలుగా, చివరికి పలకలా గట్టిపడుతుంది.

మేదినీపూర్ పల్లెల్లో ఈ గట్టి రాతిని మాక్‌డా పాథర్ అంటారు. గుళ్ళకూ కోటలకూ అదే వాడారు. కేశియాడి దగ్గర ఉన్న కురుంబేరా కోట పూర్తిగా లేటరైట్ దిమ్మెలతో కట్టినది. 15వ శతాబ్దంలో గజపతి కపిలేంద్ర దేవుని కాలంలో కట్టారని చెబుతారు. సింహాచలం కూడా ఆ గజపతి రాజ్యంలోనిదే. మన పూర్వీకులు రైలెక్కడానికి చాలా ముందే ఈ రెండు చోట్లనూ ఒకే సింహాసనం కలిపింది.

ఇక దీఘా. ఓల్డ్ దీఘాలో కట్ట పొడవునా నల్లటి బండరాళ్ళు కనిపిస్తాయి, పర్యాటకులు వాటి మీద కూర్చుని ఫొటోలు దిగుతారు. అవి ఆ తీరంలో పుట్టిన రాళ్ళు కావు. ఒడ్డు కోసుకుపోకుండా ఆపడానికి తెచ్చి పోసినవి. కాకినాడ దగ్గర ఉప్పాడలో పోసిన రాళ్ళదీ ఇదే కథ. సహజంగా రాయి లేని తీరానికి మనిషి రాతి కవచం తొడగాల్సి వచ్చింది.

దీఘాకు రాయి ఎందుకు లేదు? రాయి ఉంది, కానీ చాలా లోతున ఉంది. గంగ, బ్రహ్మపుత్ర కలిసి ఏటా సుమారు 100 కోట్ల టన్నుల ఒండ్రును హిమాలయాల నుంచి మోసుకొస్తాయి. కోట్ల ఏళ్లుగా ఈ పని ఆగలేదు. బెంగాల్ బేసిన్‌లో లోతైన చోట్ల ఈ మట్టి, ఇసుక పొరల మందం 10 కిలోమీటర్లు దాటుతుంది. అక్కడితో ఆగక సముద్రగర్భం మీదుగా శ్రీలంక దాటి దాదాపు 3,000 కిలోమీటర్లు పరుచుకుంది. దాన్ని బెంగాల్ ఫ్యాన్ అంటారు, ప్రపంచంలో అంతకన్నా పెద్ద ఒండ్రు విసనకర్ర లేదు. చమురు కోసం బెంగాల్‌లో లోతైన బావులు తవ్వినప్పుడు ఒండ్రు పొరల అడుగున నల్లటి బసాల్ట్ తగిలింది. జార్ఖండ్‌లోని రాజమహల్ కొండల్లో పైకి కనిపించే లావా రాయి అదే, వయసు సుమారు 11.7 కోట్ల ఏళ్లు. పాకుర్ నల్లకంకర అని బెంగాల్ అంతటా పేరున్నది ఆ కొండల రాయికే. అంటే దీఘా ఇసుకలో ఆడుకునే పిల్లల కాళ్ళ కింద, ఎంతో లోతున, పాకుర్ కంకరకు బంధువైన రాతినేల పడుకుని ఉంది.

తీరంలో రాయి కనిపిస్తుందా లేదా అన్నది తేల్చేది నది. పెద్ద నది సముద్రంలో కలిసే చోట ఒండ్రు రాతిని కప్పేస్తుంది. బెంగాల్‌లో గంగ, ఒడిశాలో మహానది, ఆంధ్రలో గోదావరి, కృష్ణ ఇదే పని చేశాయి. ఈ డెల్టాల మధ్య ఖాళీ దొరికిన చోట, అంటే పెద్ద నది లేక కొండలు ఒడ్డుకు దగ్గరగా వచ్చిన చోట, రాయి సముద్రంతో ముఖాముఖి నిలబడుతుంది. గంజాం నుంచి విశాఖ దాటేవరకు ఉన్నది అలాంటి ఖాళీయే. వంశధార, నాగావళి, గోస్తని, శారద నదులకు తూర్పు కనుమల రాతిని కప్పేంత ఒండ్రు లేదు.

ఈ మాట నిజమో కాదో రైలు కిటికీలోంచే చూడొచ్చు. ఖరగ్‌పూర్‌లో ఏ మద్రాసు బండి ఎక్కినా విశాఖ దాకా సుమారు 760 కిలోమీటర్లు. ఎడమవైపు కిటికీ దొరికితే సముద్రం వైపు, కుడివైపు దొరికితే కొండల వైపు. ఎక్కిన కాసేపటికే మొరం నేల పోయి వరిపొలాలు వస్తాయి. బాలేశ్వర్‌కు తూర్పున ఉన్న చాందీపూర్‌లో తీరం ఎంత చదునుగా ఉంటుందంటే, పాటు వచ్చినప్పుడు నీళ్ళు కిలోమీటర్ల కొద్దీ వెనక్కి పోతాయి. కటక్ దగ్గర మహానది వంతెనలు దాటేదాకా దారి ఎక్కువగా చదును నేల మీదే. భువనేశ్వర్‌లో రాయి పలకరిస్తుంది. ఖండగిరి, ఉదయగిరి గుట్టలు ఇసుకరాయివి. డైనోసార్లు తిరిగిన కాలంలో నదులు పేర్చిన ఇసుక అది. మెత్తటి రాయి కాబట్టే కళింగ రాజు ఖారవేలుని కాలంలో జైన సన్యాసులకు గుహలు తొలవడం సాధ్యమైంది. ఆ మెత్తదనం వల్లనే అక్కడి హాథీగుంఫా శాసనం అక్షరాలు చాలా చోట్ల అరిగిపోయాయి.

ఖుర్దా రోడ్ దాటి బాలూగాఁవ్, ఖల్లికోట్, రంభా వైపు వెళ్తుంటే దారి చిల్కా ఒడ్డున పడుతుంది. ఎడమవైపు నీళ్ళు, కుడివైపు కొండలు. ఈ దారిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, ఇక్కడ ఎవరైనా నిద్రపోతుంటే తట్టి లేపాలనిపిస్తుంది. చిల్కా ఒడ్డున అనార్థొసైట్ అనే రాయి ఉంది. దాదాపు మొత్తం ఫెల్‌స్పార్ ఖనిజంతో తయారైన, లేత బూడిద రంగు రాయి. భూమ్మీద అరుదు. చంద్రుడి మీద మాత్రం మనకు తెల్లగా మెరిసే ఎత్తు నేలలన్నీ అదే జాతి రాయి. 2023లో చంద్రయాన్-3 రోవర్ ప్రజ్ఞాన్ చంద్రుడి దక్షిణ ధ్రువానికి దగ్గరగా మట్టిని పరీక్షించినప్పుడు బయటపడింది కూడా అనార్థొసైట్ కూర్పే. రెండూ పుట్టిన తీరు ఒకటి కాదు. చంద్రుడిది కరిగిన రాతి సముద్రం మీద తేలి గడ్డకట్టిన తొలి పొర, చిల్కాది భూమి లోతుల్లో శిలాద్రవం చల్లబడి ఏర్పడినది. అయినా ఆ రాయి కోసం రాకెట్ ఎక్కనక్కర్లేకుండా కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ టికెట్ సరిపోవడం ఈ దారి మనకిచ్చిన భాగ్యం.

ఛత్రపూర్ దగ్గర తీరం మళ్ళీ ఇసుకే, కానీ బెంగాల్ ఇసుక కాదు. ఇందులో ఇల్మెనైట్, గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్, రూటైల్, మోనజైట్ ఉన్నాయి. అణుశక్తి శాఖ కింద ఉన్న ఐఆర్‌ఈఎల్ సంస్థ ఇక్కడ ఈ ఖనిజాలను వేరు చేసే కర్మాగారం నడుపుతోంది. ఇవన్నీ కొండల రాళ్ళు చివికి, వాగుల్లో కొట్టుకొచ్చిన గింజలే. అల ఒడ్డెక్కి వెనక్కి పోయేటప్పుడు తేలికైన క్వార్ట్జ్ ఇసుకను లాక్కుపోతుంది, బరువైనవి అక్కడే ఉండిపోతాయి. చేటలో చెరిగినట్టు సముద్రం రోజూ వేల సార్లు చేసే పని ఇది. విశాఖ రామకృష్ణా బీచ్‌లో, భీమిలిలో, కళింగపట్నంలో ఇసుక మీద కనిపించే నల్లటి చారలు అలా పోగైనవే. మురికి అనుకుని దాటిపోకుండా ఒక పిడికెడు తీసుకుని కాగితం మీద పోసి, కింద అయస్కాంతం తిప్పి చూడండి. మాగ్నటైట్ గింజలు నిక్కబొడుచుకుని లేస్తాయి. భూతద్దం ఉంటే వాటి మధ్య గులాబీ రంగులో మెరిసే గార్నెట్ గింజలూ కనిపిస్తాయి.

ఆ గార్నెట్ ఎక్కడిది? ఇచ్ఛాపురం దాటి పలాస వైపు వస్తుంటే పడమట మహేంద్రగిరి కనిపిస్తుంది, ఎత్తు 1,501 మీటర్లు. అక్కడి నుంచి విశాఖ దాకా కొండలు ఒడ్డుకు దగ్గరగా జరుగుతూ వచ్చి, చివరికి సింహాచలం, కైలాసగిరి, యారాడ కొండలై సముద్రాన్ని తాకుతాయి. ఈ కొండల్లో ఎక్కువ భాగం ఖోండలైట్. ఒడిశాలోని కలహండిలో పనిచేసిన భూగర్భ శాస్త్రవేత్త టి.ఎల్. వాకర్ 1902లో అక్కడి ఖోండు గిరిజనుల పేరు మీద ఈ రాతికి పేరు పెట్టాడు. విశాఖ పిల్లలు రోజూ ఎక్కి దిగే కొండరాయికి ఒక గిరిజన జాతి పేరుందన్న సంగతి బడిలో చెబితే ఎంత బాగుంటుంది.

ఖోండలైట్‌ను గుర్తుపట్టడం కష్టం కాదు. తుప్పు పట్టినట్టు గోధుమ, ఎరుపు కలిసిన రంగు. విరిగిన ముఖం మీద ఎర్రటి గార్నెట్ చుక్కలు, సిల్లిమనైట్ తెల్లటి సూదులు, అక్కడక్కడ పెన్సిల్ ముల్లులా మెరిసే గ్రాఫైట్ రేకులు. బంకమట్టి ఎక్కువగా ఉన్న ఒకనాటి సముద్రపు మడ్డి భూమి లోపలికి 25, 30 కిలోమీటర్ల లోతుకు కూరుకుపోయి, కొన్ని చోట్ల 900 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో ఉడికి ఈ రాయిగా మారింది. ఇది సుమారు 100 కోట్ల ఏళ్ల నాటి మాట. ఆ మట్టిలోని అల్యూమినియం సిల్లిమనైట్‌లోకీ గార్నెట్‌లోకీ పోయింది, సేంద్రియ పదార్థంలోని కార్బన్ గ్రాఫైట్ అయింది. ఈ రాతికి ఒక బలహీనత ఉంది. ఉప్పుగాలి, వాన తగిలితే దానిలోని ఫెల్‌స్పార్ తెల్లటి బంకమట్టిగా చివికిపోతుంది. కోణార్క్, పూరీ ఆలయాలకు ఎక్కువగా వాడినది ఖోండలైటే. సముద్రం పక్కన ఆ శిల్పాల ముఖాలు చెరిగిపోవడానికీ, మరమ్మతు పనులు ఎడతెగకుండా సాగడానికీ అదొక ముఖ్య కారణం. విశాఖ దగ్గరి తొట్లకొండ మీద మాత్రం బౌద్ధ భిక్షువులు నీళ్ళ కోసం కొండరాతిలోనే తొట్లు తొలుచుకోగలిగారు. కోణార్క్‌కు శాపమైన గుణమే వాళ్ళకు వరమైంది.

ఖోండలైట్ పక్కనే తరచూ కనిపించే మరో రాయి చార్నొకైట్. ముదురు ఆకుపచ్చ కలిసిన నలుపు, నూనె రాసినట్టు జిడ్డుగా మెరిసే రాయి. దీని పేరు కథ బెంగాల్‌లోనే ఉంది. కోల్‌కతా సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలో జాబ్ చార్నాక్ సమాధి ఉంది. ఈస్టిండియా కంపెనీ తరఫున అక్కడ స్థావరం వేసిన చార్నాక్ 1690లలో చనిపోతే, సమాధి మీద పరచడానికి రాతిపలక మద్రాసు దగ్గరి పల్లావరం నుంచి ఓడలో వచ్చింది. బెంగాల్ డెల్టాలో అలాంటి రాయి దొరకదు కదా. రెండు వందల ఏళ్ల తర్వాత 1893లో థామస్ హాలండ్ ఆ పలకను పరిశీలించి ఆ జాతి రాళ్ళకు చార్నొకైట్ అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఆఫ్రికాలో దొరికినా, స్కాండినేవియాలో దొరికినా దాన్ని అదే పేరుతో పిలుస్తారు. దక్షిణాది రాయి, బెంగాల్ సమాధి కలిసి ప్రపంచానికి ఒక పేరు ఇచ్చాయి. ఖరగ్‌పూర్ లోకల్ ఎక్కి హౌరాలో దిగి, నది దాటితే చూడొచ్చు.

విశాఖ తీరంలో నిలబడి తూర్పుకు చూసినప్పుడు కనిపించేది నీళ్ళే. 13 కోట్ల ఏళ్లకు ముందు చూడగలిగితే అంటార్కిటికా కనిపించేది. తూర్పు కనుమల ఖోండలైట్, చార్నొకైట్ పట్టీ తూర్పు అంటార్కిటికాలోని రేనర్ ప్రాంతపు రాళ్ళతో వయసులోనూ ఉడికిన తీరులోనూ సరిపోతుంది. రెండూ ఒకే పర్వతశ్రేణిలో పుట్టి, తర్వాత నేల చీలితే విడిపోయాయి. భారత్ 2012లో ప్రారంభించిన భారతి పరిశోధన కేంద్రం తూర్పు అంటార్కిటికాలోని లార్సెమన్ హిల్స్‌లో ఉంది. ఆ తీరం ఒకప్పుడు మన తూర్పు తీరానికి పొరుగు. మన తూర్పు తీరరేఖ ఆ చీలిక అంచే. ఖండం చిరిగిన చోట సముద్రం వచ్చి నిండింది.

అంచున నిలిచిన రాతి మీద అలలు ఎలా పనిచేస్తాయో విశాఖ నుంచి భీమిలి దాకా ఉన్న బీచ్ రోడ్డు చూపిస్తుంది. రాయి అంతటా ఒకేలా గట్టిగా ఉండదు. ఖోండలైట్‌లో పొరలుంటాయి, పొరలకు అడ్డంగా పగుళ్ళుంటాయి. అల పగులులోకి దూరినప్పుడు లోపలి గాలి నొక్కుకుపోయి, అల వెనక్కి పోగానే ఒక్కసారిగా విచ్చుకుంటుంది. అలలు తెచ్చే ఇసుక, గులకరాళ్ళు గరగరా రుద్దుతాయి. మెత్తటి పొర ముందు పోతుంది, గట్టిది ముక్కులా మిగులుతుంది. ముక్కుకు రెండు పక్కలా తొలుచుకుపోతే గుహ, గుహలు కలిస్తే కమాను, కమాను కప్పు కూలితే నీళ్ళలో ఒంటరి రాతిదిమ్మె. తొట్లకొండ కింద మంగమారిపేట ఒడ్డున ఉన్న సహజ రాతి కమాను ఈ వరుసలో మధ్య దశ. ఏదో ఒక తుఫానుకు దాని కప్పు పడిపోవచ్చు. కాబట్టి దాని పైకెక్కి సెల్ఫీలు దిగడం మానుకోవాలని చెప్పడానికి శాస్త్రవేత్త కానక్కర్లేదు.

రాతి ముక్కుల్లో పెద్దది విశాఖలోని డాల్ఫిన్స్ నోస్ కొండ. ఖరగ్‌పూర్ చరిత్రకూ ఈ కొండకూ నేరుగా సంబంధం ఉంది. మధ్య పరగణాల మాంగనీసును సముద్రానికి చేర్చడానికి రేవు కావలసి వచ్చింది. బెంగాల్ రేవులు నది మీద ఆధారపడినవి, పూడిక వాటిని ఏనాడూ వదలలేదు. విశాఖలో కొండ అడ్డు ఉంది, దాని చాటున ఉప్పుటేరు ఉంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇంజనీర్లు ఆ పని తలకెత్తుకున్నారు. రాయ్‌పూర్-విజయనగరం రైలుమార్గం 1931లో పూర్తయింది. 1933 అక్టోబరులో జలదుర్గ అనే ఓడ కొత్త రేవులోకి వచ్చింది. అక్కడి అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతాయి. ఆ ఇసుక రేవు నోరు మూసేయకుండా జానస్, వెల్లెస్‌డన్ అనే రెండు పాత ఓడలను కొండ ముందు ముంచి అడ్డుకట్టగా చేశారు. అక్కడ ఆగిన ఇసుకను తోడి ఉత్తరాన ఉన్న బీచ్ వైపు పంపాల్సిన అవసరం ఇప్పటికీ ఉంది. ఒకే కంపెనీ ఖరగ్‌పూర్ మొరం మీద రైల్వే వర్క్‌షాపు కట్టింది, ఆంధ్ర ఖోండలైట్ చాటున రేవు కట్టింది. ఆ వర్క్‌షాపు పనికి వచ్చినవాళ్ళలో ఎందరో ఆ రేవు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే.

ఒడ్డు మీది కొండలతో కథ ఆగదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర విభాగాన్ని నిలబెట్టిన ఆచార్య సి. మహదేవన్, అమెరికా నుంచి వచ్చిన సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్‌తో కలిసి 1950లలో విశాఖ ముందున్న సముద్రాన్ని పరిశీలించారు. ఖండపు వాలును కోసుకుంటూ దిగే లోతైన లోయలు బయటపడ్డాయి. వాటిలో ఒకదానికి మహదేవన్ పేరు, మరొకదానికి ఆంధ్ర పేరు పెట్టారు.

చివరగా భీమిలి దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బలు. మలంచా మనిషి వాటిని చూస్తే ఇదేదో మన మొరమే అనుకుంటాడు. రంగు ఒకటే, రంగుకు కారణమైన ఇనుమూ ఒకటే. పుట్టుక మాత్రం పూర్తిగా వేరు. మొరం ఉన్నచోటే నేల మారి ఏర్పడింది, దిబ్బలు మరో చోటి నుంచి వచ్చిన ఇసుక. సుమారు 20 వేల ఏళ్ల క్రితం హిమయుగం ముదిరి ఉన్నప్పుడు నీళ్ళు నేల మీద మంచుగా గడ్డకట్టి సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు కిందికి దిగింది. ఇప్పుడు నీళ్ళ కింద ఉన్న తీరపు అడుగు అప్పుడు ఇసుక మైదానం. సముద్రం ఇలా దిగుతూ లేస్తూ ఉన్న కాలంలో గాలి ఆ ఇసుకను కొండల పాదాల దాకా ఎత్తి పోసింది, వాగులు కూడా తమ వంతు కలిపాయి. గార్నెట్ వంటి ఖనిజాలు చివికి, వాటిలోని ఇనుము హెమటైట్‌గా మారి ప్రతి ఇసుక గింజ మీదా సన్నని ఎర్రపూత పూసింది. కొంచెం బంకమట్టి ఆ గింజలను అతికించింది. ఇంకా రాయి కాలేదు, పూర్తిగా ఇసుకా కాదు. అందుకే వాన దాన్ని నిట్టనిలువు గోడలుగా, మలుపుల గల్లీలుగా కోయగలుగుతోంది. ఇలాంటి ఎర్రటి తీరపు దిబ్బలు దక్షిణాసియాలో ఇక్కడ కాక తమిళనాడులో, శ్రీలంకలో మాత్రమే చెప్పుకోదగ్గవి.

మేదినీపూర్ వైపు దీనికి సాటిగా చూడదగ్గది గడబేతా దగ్గరి గన్‌గని. అక్కడ శిలాబతి నది లేటరైట్ గట్టును కోసి లోయలు చేసింది. పైన గట్టి పలక, కింద మెత్తటి మట్టి. రెండూ చూసినవాళ్ళకు ఒక తేడా వెంటనే కనిపిస్తుంది. గన్‌గనిలో గట్టు పైభాగం టోపీలా నిలబడి కింది మట్టిని కాపాడుతుంది. ఎర్రమట్టి దిబ్బలకు ఆ టోపీ లేదు. పైనున్న చెట్లూ పొదలే వాటి రక్షణ. పొద పీకితే, దారి వేస్తే, పొక్లెయిన్ ఒక్క గీత గీస్తే ఆ గీతే మరుసటి వానకు కాలువ అవుతుంది.

భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014లో ఈ దిబ్బలను జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలో తిరుమల కొండలతో పాటు వీటికీ చోటు దొరికింది. కేరళలోని వర్కల తీరపు గట్టు, కర్ణాటకలోని సెయింట్ మేరీస్ దీవుల బసాల్ట్ స్తంభాలు కూడా అప్పుడే ఆ జాబితాలో చేరాయి. ఇలాంటి స్థలాల రక్షణకు ప్రత్యేక చట్టం చేయాలని కేంద్రం 2022 డిసెంబరులో ముసాయిదా బయటపెట్టింది. ఈలోగా దిబ్బల అంచున ప్లాట్లు, తవ్వకాల మీద వివాదాలు నడుస్తూనే ఉన్నాయి. జాబితాలో పేరెక్కినంత మాత్రాన పొక్లెయిన్ ఆగదు. చుట్టూ హద్దురాళ్ళు పాతాలి, వాననీటి దారులను కదపకూడదు, షూటింగులకూ వాహనాలకూ అనుమతులు ఆపాలి. ఖండాలు చీలిన చోట, హిమయుగపు గాలి పోసిన ఇసుక అది. పోతే మళ్ళీ పోయడానికి ఆ గాలి లేదు, ఆ ఇసుక మైదానం ఇప్పుడు సముద్రం కింద ఉంది.